ముందు నీడ, తర్వాత తారు

తారు రోడ్డు వేసే జట్టుకి మేస్త్రి ఆడమనిషి అని తెలిసినప్పుడు కొత్త ఇంజినీర్లు ముందుగా చూసేది ఆమె వెనక్కి. అసలు మేస్త్రి వెనకాల ఎక్కడో నడిచొస్తున్నాడేమోనని. ఆమెకు అది అలవాటే. "వెనకాల ఎవరూ లేరు సార్, నేనే" అని చెప్పి, గుంజలు పాతించే పనిలో పడిపోయేది.

నాలుగు ఇనప గుంజలు, వాటిమీద మందపాటి టార్పాలిన్, దాని కింద రెండు పెద్ద నీళ్ల డ్రమ్ములు. ఇవి కుదిరేదాకా ఆమె జట్టులో ఎవరూ పార పట్టరు. తారు కలిపిన కంకరతో లారీ వచ్చి పొగలు కక్కుతూ నిలబడినా సరే, డ్రైవరు హారన్ మోగించి మోగించి అలిసిపోయినా సరే. "ముందు నీడ, తర్వాత తారు" అనేది. గట్టిగా అనేది కాదు. వాదన పెట్టుకునేదీ కాదు. రేపు సూర్యుడు ఎటు వైపు లేస్తాడో చెప్పినంత నిశ్చింతగా చెప్పి ఊరుకునేది.

జట్టువాళ్లు ఆమెను ఉప్పక్క అంటారు. రెండో డ్రమ్ములో నీళ్లు ఆమె స్వయంగా కలుపుతుంది. లీటరుకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, పైన నిమ్మరసం. చెంచా నిండా కుప్ప పోయడానికి వీల్లేదు, అంచుకి సమంగా వేలితో గీసి మరీ వెయ్యాలి. వేరేవాళ్లు కలిపితే రుచి చూసి పారబోయించిన రోజులున్నాయి. ఆమె భర్త ఆ జట్టులోనే రోలరు నడుపుతాడు. ఆయన్ని అందరూ రోలరు బాబాయ్ అంటారు.

"నిన్నేమో అక్క అంటారు, నన్ను బాబాయ్ అంటారు. ఇదెక్కడి వరస?" అని ఆయన ఒకసారి వాపోయాడు.

"మీ జుట్టునడగండి, చెబుతుంది" అంది ఆమె.

ఆ రోలరు హారనే జట్టుకి గడియారం. పావుగంటకోసారి ఆయన హారన్ కొడతాడు. కొట్టగానే పని ఆపి ఒక్కొక్కరూ ఒక గ్లాసు నీళ్లు తాగాలి. దాహం ఉందా లేదా అన్న ప్రశ్న లేదు. నాలుక పిడచ కట్టేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైపోయినట్టని ఆమె లెక్క. అలాగని ఒకేసారి చెంబులకు చెంబులు దించుకోనిచ్చేది కాదు. గంటకి నాలుగు గ్లాసులు, మరీ మంటగా ఉంటే ఐదు, అంతే. బాబాయ్ రక్తపోటుకి మాత్రలు వేసుకుంటాడు కాబట్టి, ఎండలు ముదరకముందే ఆయన్ని చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఈ మాత్రలతో ఎండలో పని చెయ్యొచ్చా, ఎన్ని నీళ్లు తాగొచ్చు అని అడిగించి వచ్చింది. ఆయన వేరే వూరికి పెళ్లిచూపులకి పోతున్నట్టు చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లాడని జట్టంతా నవ్వుకున్నారు.

ఈ పట్టుదల ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు.

ఇరవై రెండేళ్ల వయసులో ఆమె రోడ్డు ఊడ్చే పనికి చేరింది. తారు పొయ్యడానికి ముందు పాత రోడ్డు మీది దుమ్మంతా ఇనప తీగల చీపురుతో లేవగొట్టాలి. తోటి ఆడవాళ్లు ఇద్దరు మొదటిరోజే ఒక మాట చెవిన వేశారు. "నీళ్లు తాగకు పిల్లా. తాగితే ఎక్కడికి పోతావ్?" నిజమే. అటు చూస్తే రోడ్డు, ఇటు చూస్తే రోడ్డు. మొక్క చాటు లేదు, గోడ చాటు లేదు. మగవాళ్లు కాస్త దూరం నడిచి వీపు తిప్పితే సరిపోయేది. ఆడవాళ్లు తెల్లారుజామున ఇంట్లో వెళ్తే మళ్లీ పొద్దుగూకాకే. మధ్యలో గొంతు తడుపుకోవడం తప్ప తాగింది లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె పిక్కలు రాయిలా బిగుసుకుపోయాయి. చీపురు పట్టుకునే పక్కకి ఒరిగి కాలుతున్న కంకర మీద పడింది. మోచెయ్యి చర్మం ఊడి వచ్చింది. అక్కడికి దగ్గరలో ఉన్న చిన్న ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. డాక్టరమ్మ వయసులో పెద్దది, అలిసిపోయి ఉంది.

"పొద్దుట్నించి మూత్రానికి ఎన్నిసార్లు వెళ్లావు?"

సిగ్గుతో నేల చూస్తూ, "ఒక్కసారి. చీకటితో" అంది ఆమె.

"నీళ్లెందుకు తాగలేదు?"

"మరుగు లేదండి."

డాక్టరమ్మ రాస్తున్న కలం పక్కన పెట్టేసింది. "అయితే దీనికి మందు నేను రాసేది కాదు. వెళ్లి మీ మేస్త్రిని మరుగు అడుగు."

అడిగింది. ఆయన పగలబడి నవ్వాడు. ఆ వారమంతా ఆమె పని అయ్యాక ఇంట్లో కూర్చుని ఖాళీ గోనెసంచులు విప్పి, ఒకదానికొకటి కుట్టి, మూడు గొట్టాలకి తొడిగి, ఒక మనిషి పట్టేంత గూడు తయారుచేసింది. భుజాన వేసుకుని పనికి తీసుకొచ్చింది. మొదటిరోజు నవ్విన మేస్త్రి, నెల తిరక్కుండానే దాన్ని లారీ ఎక్కించమని తనే చెప్పాడు. ఆడవాళ్లు తల తిరిగి పడిపోవడం ఆగిపోయింది, పని ఆగడం లేదు, ఆయనకి కావలసిందీ అదే.

ఏళ్లు గడిచి ఆమే మేస్త్రి అయ్యాక ఆ గూటికి గోనెసంచుల స్థానంలో టార్పాలిన్ వచ్చింది. మగవాళ్లు దానికి రాజభవనం అని పేరు పెట్టారు. లోపలి వైపు ఆమె మూడు చారలు గీయించింది. రోడ్డు మీద గీతలు వేసేవాళ్ల దగ్గర మిగిలిన రంగులతోనే. ఒకటి తెలుపులో రవ్వంత పసుపు. రెండోది చిక్కటి పసుపు. మూడోది తేనెరంగు.

"మూత్రం మొదటి చారలా ఉంటే పనికి పోండి. రెండో చారలా ఉంటే డ్రమ్ము దగ్గరికి పోండి. మూడో చారలా ఉంటే నా దగ్గరికి రండి."

"నీ దగ్గరికొచ్చి ఏం చెప్పాలక్కా?" అన్నాడు ఒకడు, మిగతావాళ్లు నోళ్లు మూసుకుని నవ్వుతుంటే.

"మూడు అని చెప్పు. చాలు."

అలా పదేళ్లకు పైగా ఆమె జట్టులో ఎండకి ఎవరూ కూలబడలేదు. ఆమెకు నలభై ఎనిమిదేళ్లు వచ్చిన ఆ వేసవిలో తప్ప.

ఆ ఏడాది ఒక పెద్ద ఆస్పత్రి ముందు రోడ్డు వాళ్ల జట్టుకి వచ్చింది. కిలోమీటరున్నర. పాతదాన్ని తవ్వేశారు కాబట్టి అంబులెన్సులు చుట్టూ తిరిగి, గతుకుల దారిలో ఇరవై అయిదు నిమిషాలు కుదుపులు తింటూ వస్తున్నాయి. ఆరు రోజుల్లో పూర్తిచేస్తామని ఆ పని చూసే కళ్లజోడు ఇంజినీరు మాట ఇచ్చి వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు, తొందరమనిషి. ఆ తొందరకి కారణం కూడా మంచిదే. అందుకే ఆయనతో కాదనడం ఆమెకు మామూలుకన్నా కష్టమైంది.

అదే వారం జట్టులోకి ఒక కొత్తమనిషి చేరాడు. ఆరడుగుల ఎత్తు, తలుపంత ఛాతీ, మెలితిప్పిన మీసం. చూసిన మొదటి నిమిషంలోనే వస్తాదు అని పేరు పడిపోయింది. పదకొండేళ్లు కోల్డ్ స్టోరేజీలో బంగాళాదుంప బస్తాలు మోశాడట. అది మూతపడితే ఇటు వచ్చాడు.

అతను ఎక్కడ పని చేశాడో వినగానే ఉప్పక్క కనుబొమలు ముడిపడ్డాయి. "పదకొండేళ్లు చలిలో ఉన్నావు. ఒంటికి ఎండ కొత్త. ఇవాళ గంటన్నర చెయ్యి. రోజుకో ముప్పావుగంట పెంచుకుంటూ పోదాం. వారం దాటాక నీ బలం చూపిద్దువుగాని."

"గంటన్నరా?" అతను నిజంగానే నొచ్చుకున్నాడు. "బస్తా వీపున వేసుకుని మెట్లెక్కినవాణ్ని అక్కా. గంటన్నర పనంటే పొద్దున మీసం దువ్వుకున్న శ్రమకి కూడా చాలదు."

"మీసం మీద నాకేం పట్టింపు లేదు. ఒళ్లు అలవాటు పడాలి. బలంగా ఉన్నవాళ్లే ముందు పడిపోతారు తమ్ముడూ. ఆగడం తెలీదు కాబట్టి."

మొదటి రెండు రోజులూ ఆమె చెప్పినట్టే జరిగింది. అతను గునుస్తూనే ఇంటికి పోయాడు. ప్రతి కొత్తమనిషినీ గమనించడానికి ఒక పాతమనిషిని జంట కట్టడం ఆమె పద్ధతి. వస్తాదుకి చీపురు పిన్నిని జంట కట్టింది. అరవై ఏళ్ల మనిషి, ముప్పై ఏళ్లుగా తీగల చీపురు పడుతోంది, కళ్లు డేగ కళ్లు.

మూడోరోజు పార పట్టేవాడు ఒకడు బిడ్డకి జ్వరమని రాలేదు. పొద్దున ఎనిమిదింటికే రోడ్డు మీది గాలి వణుకుతున్నట్టు కనిపించింది. మూడు లారీలు వరసగా నిలబడ్డాయి. తారు చల్లారితే ఆ సరుకంతా పారెయ్యడమే.

"అక్కా, ఈ ఒక్కరోజూ కొత్తాయన్ని పూర్తిగా వాడుకుందాం" అన్నాడు ఇంజినీరు. "మనిషి ఏనుగులా ఉన్నాడు."

"నేను రెడీ సార్" అన్నాడు వస్తాదు, పార భుజాన వేసుకుని.

ఉప్పక్క లారీల వైపు చూసింది. ఆస్పత్రి వైపు చూసింది. "పన్నెండు దాకా. ఆ తర్వాత ఒక్క నిమిషం కుదరదు" అంది. ఆ మాట నోటినుంచి వచ్చాక కూడా లోపల ఏదో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అయినా తల ఊపేసింది.

పన్నెండుకి ఇరవై నిమిషాలుందనగా చీపురు పిన్ని గబగబా వచ్చింది. "అక్కా, హారన్ మోగినప్పుడల్లా నీ వస్తాదు గ్లాసు తీసుకుంటున్నాడు గానీ తాగట్లేదే. మొహం మీద కొట్టుకుని గ్లాసు పడేస్తున్నాడు. నే చెబితే ఆడంగుల మాట అంటున్నాడు."

ఉప్పక్క అటు నడిచింది. వస్తాదు పార మీద ఒరిగి నిలబడి ఉన్నాడు. ముఖం జేవురించింది. నల్లగా పొగలు కక్కుతున్న తారు కుప్పకేసి కాక, తన వెనకాల ఎవరో ఉన్నట్టు తల తిప్పి, గట్టిగా అన్నాడు.

"తలుపు వెయ్యండయ్యా! చల్లదనమంతా బయటికి పోతోంది!"

జట్టంతా ఘొల్లున నవ్వింది. రోలరు మీద బాబాయ్ కూడా కడుపు పట్టుకున్నాడు. ఉప్పక్క నవ్వలేదు.

"తమ్ముడూ, ఇవాళ ఏం వారం?"

"నాలుగో గది" అన్నాడు అతను. నాలుక మందంగా తిరిగింది. "నాలుగో గదిలో ఇంకా... ఇంకా ఎన్ని బస్తాలు..."

ఆమె అతని మెడ మీద చెయ్యి వేసి చటుక్కున తీసింది. "పని ఆపండి! అందరూ! సార్, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి. వడదెబ్బ అని చెప్పండి."

ఇంజినీరు కంగారుగా దగ్గరికొచ్చాడు. "చెమట పడుతోంది కదా అక్కా. వడదెబ్బయితే చెమట ఆగిపోతుందంటారుగా?"

"పనిచేస్తూ తగిలితే చెమట పడుతూనే ఉంటుంది. ఒళ్లు కాలుతోంది, మతి తప్పింది, అది చూడండి. ఫోన్ చెయ్యండి!"

ఆమె మాట పూర్తికాకముందే ఆ ఆరడుగుల మనిషి మోకాళ్లు మడతపడ్డాయి. ఇద్దరు పట్టుకోబట్టి తారు మీద పడలేదు. నీడలోకి లాక్కొచ్చారు.

ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆమెకు వెతుక్కునే అవసరం రాలేదు. రాజభవనం టార్పాలిన్‌ని రెండు చేతులా పట్టి ఊడబీకింది. నీడలో పరిచి అతన్ని దానిమీద పడుకోబెట్టించింది. బూట్లు, చొక్కా తీయించింది. "నాలుగు మూలలూ నలుగురు ఎత్తిపట్టండి. తొట్టిలా. తల మాత్రం పైకుండాలి, బాబాయ్, తల మీరు పట్టుకోండి." ఆ తొందరలో సొంత మొగుణ్ని బాబాయ్ అని పిలిచిన సంగతి ఆమె గమనించలేదు. ఆయనా గమనించలేదు.

మంచుగడ్డలు వేసిన మంచినీళ్ల డ్రమ్మునే దొర్లించి టార్పాలిన్‌లోకి వంచమంది.

"తాగే నీళ్లక్కా!" అన్నాడు ఒకడు.

"మళ్లీ తెచ్చుకుందాం. వంచు!"

నీళ్లు అతని ఛాతీ దాకా వచ్చాయి. మంచుగడ్డల్ని గుడ్డలో చుట్టి మెడ కింద, చంకల్లో, గజ్జల్లో పెట్టించింది. ఇంకో ఇద్దరు అట్టపెట్టెలు చింపి విసురుతున్నారు. మూలలు పట్టినవాళ్లు నీళ్లు కదిలేలా టార్పాలిన్‌ని అటూ ఇటూ ఊపుతున్నారు. చీపురు పిన్ని ఏడుస్తూ గ్లాసు తెచ్చి అతని పెదాల దగ్గర పెట్టబోయింది.

"నోట్లో పొయ్యకు పిన్నీ! తెలివి తప్పిన మనిషి మింగలేడు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు ఒంటిమీదే."

ఫోన్ పెట్టేసిన ఇంజినీరు ముఖం పాలిపోయింది. "అంబులెన్స్ బయల్దేరుతోంది. కానీ చుట్టూ తిరిగి రావాలి. ఇరవై అయిదు నిమిషాలు." అతని చూపు పొద్దుటినుంచి వేసిన రోడ్డు మీదికి పోయింది. నున్నగా, నల్లగా, ఇంకా వేడిగా, ఆస్పత్రి గేటు దాకా తిన్నగా ఉంది. ఇప్పుడు దానిమీద బండి నడిస్తే చక్రాలు దిగబడి చేసిన పనంతా పాడవుతుంది.

ఉప్పక్క తల ఎత్తకుండానే అంది. "రోడ్డు ఎవరికోసం వేస్తున్నాం సార్?"

ఇంజినీరు గేటు వైపు పరిగెత్తాడు. అడ్డంగా పెట్టిన డ్రమ్ముల్ని తనే ఒక్కొక్కటీ దొర్లించేశాడు. చేతులు రెండూ ఊపుతూ అంబులెన్సుని ఆ కొత్త తారు మీదికే పిలిచాడు. ఆరు నిమిషాల్లో అది వచ్చి నీడ పక్కన ఆగింది. వెనకాల రెండు లోతైన గాడులు పడ్డాయి.

అప్పటికి పది నిమిషాలుగా చల్లబరుస్తూ ఉన్నారు. స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే వస్తాదు కళ్లు తెరిచాడు. చుట్టూ ఉన్న మొహాల్ని చూసి, "నన్నెందుకు తడిపారు?" అన్నాడు. ఆ ప్రశ్న అంత ముద్దుగా ఇంకెప్పుడూ ఎవరికీ వినపడి ఉండదు. చీపురు పిన్ని ముక్కు చీదుకుంది.

అంబులెన్స్ వెళ్లాక ఉప్పక్క రోలరు నీడలోకి వెళ్లి నేలమీద కూలబడింది. బాబాయ్ ఉప్పునీళ్ల గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. తాగింది. ఇంకోటి ఇచ్చాడు. అదీ తాగింది.

ఇంజినీరు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "అడిగింది నేను. తప్పు నాది."

"మీరు అడగడం మీ పని. కాదనడం నా పని. నేను తల ఊపాను." ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఇంక ఊపను. రేపట్నించి తెల్లారి అయిదింటికి మొదలుపెట్టి పదిన్నరకి ఆపేస్తాం. మళ్లీ సాయంత్రం ఎండ తగ్గాక రెండు గంటలు. ఆరు రోజులు కాదు, ఎనిమిది పడుతుంది. పైవాళ్లకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెబుతాను" అన్నాడు ఇంజినీరు. చెప్పాడు కూడా. ఆస్పత్రి పెద్ద డాక్టరు రెండు రోజులు ఆలస్యమవుతుందంటే చిరాకు పడలేదు. ఎండదెబ్బతో తమ దగ్గరికొచ్చే మనుషుల్ని లెక్కపెట్టుకునేవాడు ఆయన.

వస్తాదు అయిదు రోజులు వార్డులో ఉన్నాడు. మొదటి రెండు రోజులు కిడ్నీల సంగతి తేలక డాక్టర్లు ముభావంగా ఉన్నారు. మూడో రోజుకి తేరుకున్నాడు. ఉప్పక్క రోజూ పదిన్నరకి పని ఆపి నేరుగా అక్కడికి వెళ్లేది. వార్డు డాక్టరు ఆమెను పక్కకి పిలిచి, "చాలామందిని ఉన్న వేడితోనే బండిలో పడేసి తెస్తారు. దారిలోనే చెయ్యి దాటిపోతుంది. మీరు ముందు చల్లబరిచి తర్వాత పంపారు. ఎవరు నేర్పారు?" అని అడిగాడు.

"ఓసారి ఆరోగ్య శాఖ వాళ్లు క్యాంపు పెట్టారండి. జట్టంతా మధ్యలోనే టీకి లేచిపోయారు. నేను చివరిదాకా కూర్చున్నాను" అంది ఆమె.

వస్తాదు భార్య మంచం పక్కనే ఉంది. చిన్న ఆకారం, పెద్ద గొంతు. మొగుడు పడిపోయేముందు ఏమన్నాడో అందరి నోటా విని ఉంది. "ఇంట్లో కూడా రోజూ తలుపు వెయ్యమనే గోలక్కా. ఫ్రిజ్ తలుపు, వీధి తలుపు. ఆ మాట ఇంట్లో అనుంటే నేను విసుక్కుని ఊరుకునేదాన్ని." అంతవరకూ నవ్వుతూ చెప్పి, ఉన్నట్టుండి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉప్పక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచింది.

గాడులు పడిన చోట తారు తవ్వి మళ్లీ వేశారు. ఎనిమిదో రోజు సాయంత్రానికి రోడ్డు పూర్తయింది.

నెలన్నర తర్వాత, డాక్టరు రాసిచ్చిన కాగితం జేబులో పెట్టుకుని వస్తాదు తిరిగొచ్చాడు. జట్టు అప్పుడు వేరేచోట ఒక బడి ముందు పనిలో ఉంది. మీసం కాస్త పల్చబడింది. కాగితం ఉప్పక్క చేతికిచ్చి నిలబడ్డాడు.

"ఒకసారి తగిలిన ఒంటికి మళ్లీ తొందరగా తగులుతుందన్నారక్కా. గంటన్నరతో మొదలెట్టమన్నారు."

"డాక్టరు చెప్పాడా? నేను చెబితే మీసానికి చాలదన్నావు."

వస్తాదు తల గోక్కున్నాడు. గంటన్నర చేసి, నీడలో కూర్చుని గ్లాసు ఖాళీ చేసి, ఇంటికి వెళ్లిపోయాడు. మర్నాడు ఇంకాస్త. ఈసారి ఆమె పదిహేను రోజులు లాగింది. రోజూ చీపురు పిన్ని అతని ఎదురుగా నిలబడి, గ్లాసు అడుగు కనిపించేదాకా కదిలేది కాదు.

పదహారో రోజు అతను మొదటిసారి పూర్తి పని చేశాడు. అందరితోపాటు పార కడిగి లారీలో పెట్టాడు. ఆ సాయంత్రం ఉప్పక్క ఫోన్ మోగింది. వస్తాదు భార్య.

"అక్కా, ఎలా ఉన్నాడు? ఫోన్ ఎత్తట్లేదు."

ఉప్పక్క రోడ్డు మలుపు వైపు చూసింది. అక్కడ వస్తాదు, తన ఎత్తులో సగమున్న పిన్నితో ఏదో గట్టిగా వాదిస్తూ, చేతులు తిప్పుతూ నడిచిపోతున్నాడు.

"బాగున్నాడమ్మా. మా పిన్నితో పోట్లాడుకుంటూ వస్తున్నాడు" అంది.